కొత్త విద్యార్థుల బీఎంఐ: 17 ఏళ్లవాళ్లకు ఏ గీత పెట్టాలి?

అనంతపురంలో యూనివర్సిటీలో కొత్తగా చేరిన పిల్లల బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూపే లెక్క), పోషణ చూస్తున్నాం. ఎత్తు దగ్గర చిన్న తప్పు జరిగినా లెక్క మారిపోతుంది. 46.5 కిలోల అమ్మాయి 158 సెం.మీ. ఉంటే బీఎంఐ 18.6, మామూలే. కొప్పు విప్పకుండా కొలిచి 160 అని రాస్తే 18.2, బరువు తక్కువ కిందికి పోతుంది. అందుకే జుట్టు విప్పించి, మడమలు గోడకు ఆనించి రెండుసార్లు కొలుస్తున్నాం.

అసలు చిక్కు వయసుతో. బీఎంఐ 18.5 కంటే తగ్గితే బరువు తక్కువ అనేది పెద్దవాళ్ల గీత. 19 ఏళ్లవరకు డబ్ల్యూహెచ్‌వో (ప్రపంచ ఆరోగ్య సంస్థ) వయసువారీ పట్టిక వేరే ఉంది. 17, 20 ఏళ్లవాళ్లు ఒకే క్లాసులో ఉంటే ఫలితాలు ఎలా కలిపి చూపాలి?

ఇంకోటి. నిన్న ఏం తిన్నారంటే "రెండు సంగటి ముద్దలు, చెనిక్కాయల చట్నీ" అంటారు. హాస్టల్ ముద్ద, ఇంటి ముద్ద ఒకటి కాదు. తూకం లేకుండా గ్రాములు అంచనా కట్టే పద్ధతి ఎవరైనా వాడుంటే చెప్పండి.