పార్టీ లోపల ప్రజాస్వామ్యం లేకపోయినా దేశంలో ప్రజాస్వామ్యం నిలుస్తుందా?

చదువరి:
సమానత్వం కోసం పుట్టిన సంస్థ అయినా సరే, పెరిగేకొద్దీ కొద్దిమంది గుప్పిట్లోకి పోక తప్పదని 1911లో సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మిషెల్స్ తేల్చారు. జర్మనీలోని కార్మికుల పార్టీ అయిన సోషల్ డెమోక్రాట్ పార్టీని దగ్గర నుంచి చూసి రాసిన మాట అది. దాన్నే ఉక్కు సూత్రం అంటున్నారు. 1942లో ఆర్థికవేత్త షుంపీటర్ ఇంకోలా చెప్పారు: ప్రజాస్వామ్యమంటే ప్రజలే పాలించడం కాదు, ఓట్ల కోసం నాయకులు పోటీ పడడం. అలాగైతే పార్టీ లోపల ఎవరి పెత్తనం నడిచినా బయట పోటీ ఉంటే చాలు. నాకు ఇదే సబబనిపిస్తోంది. మీరేమంటారు?

సూటిమాట:
నాదీ అదే మాట. 1983లో జర్మనీలోని పర్యావరణవాదుల పార్టీ గ్రీన్స్ 27 సీట్లతో పార్లమెంటుకు వెళ్లారు. పదవీకాలం సగంలో దిగిపోయి జాబితాలో తమ తర్వాత ఉన్నవాళ్లకు సీటు ఇవ్వాలని ముందే నియమం పెట్టుకున్నారు. తీరా ఆ గడువు వచ్చేసరికి, వాళ్లలో బాగా పేరున్న పెట్రా కెల్లీయే దిగనన్నారు. పని పట్టుబడే వేళకి దిగిపొమ్మంటే ఎవరికైనా కష్టమే. తర్వాత ఆ నియమాన్నే వదిలేశారు.

తూర్పుగాలి:
చదువరి గారూ, ఓటరు ముందుకు వచ్చే పేర్లు, మాటలు అన్నీ పార్టీ లోపల వడపోసినవే కదండీ. ఆ వడపోత ఎవరి చేతిలో ఉందో అడగకుండా బయట పోటీ చాలు అంటే ఎలా?

1914 ఆగస్టు 3నే తీసుకోండి. మిషెల్స్ రాసిన ఆ పార్టీయే, అప్పటికి జర్మన్ పార్లమెంటులో అతి పెద్దది. మొదటి ప్రపంచ యుద్ధం ఖర్చు కోసం ప్రభుత్వం అడిగిన రుణాలకు ఓటెయ్యాలా వద్దా అని ఎంపీలు తమలో తాము చర్చించుకున్నారు. 78 మంది వెయ్యాలన్నారు, 14 మంది కూడదన్నారు. కూడదన్నవారిలో పార్టీ అధ్యక్షుల్లో ఒకరైన హూగో హాజె ఉన్నారు. మర్నాడు సభలో మద్దతు ప్రకటన చదివింది ఆయనే! ఆ పార్టీ నుంచి వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు. ఆ పార్టీని గెలిపించిన లక్షల మందికి కనిపించింది ఒకే గొంతు. యుద్ధం వద్దనుకున్న కార్మికుడు ఆ రోజు ఏ పోటీని నమ్ముకోవాలి?

ఇది ఎవరి దుర్బుద్ధో కాదు. పనిముట్టు పట్టిన కార్మికుడు పార్టీ జీతం మీదకి వస్తాడు. కొన్నేళ్లకి పాత పనికి చెయ్యి తిరగదు, పాత కూలికి ఇల్లు గడవదు. పదవి పోతే బతుకుతెరువే పోతుంది. ఇక నిధులు, పత్రిక ఎలాగూ ఆయన చేతిలోనే ఉంటాయి. దిగమంటే దిగుతాడా?

అమెరికాలో అచ్చు కంపోజిటర్ల యూనియన్ దీనికి ఎదురు నడిచింది. 1956లో లిప్సెట్, ట్రో, కోల్మన్ అనే సామాజిక శాస్త్రవేత్తలు దాని మీద పుస్తకమే రాశారు. యూనియన్ లోపలే రెండు పార్టీలుండేవి, పదవిలో ఉన్నవాళ్లు తరచూ ఓడిపోయేవాళ్లు. నాయకుడి జీతానికీ కంపోజిటర్ కూలికీ పెద్ద తేడా లేదు కాబట్టి ఓడినాయన మళ్లీ షాపుకెళ్లి అక్షరాలు పేర్చుకోగలిగేవాడు. చాలామందివి రాత్రి షిఫ్టులు. దాంతో స్నేహాలు, క్లబ్బులు అన్నీ వాళ్లలో వాళ్లకే. నాయకత్వం అనుమతి లేకుండానే మాట ఒకరి నుంచి ఒకరికి పాకేది.

చదువరి:
అది ఒక్క యూనియన్ కథ. అలాంటిది అరుదని ఆ రచయితలే ఒప్పుకున్నారు. ఒక్క మినహాయింపు మీద సిద్ధాంతం కడతారా?

తూర్పుగాలి:
అరుదే, కాదనను. కానీ ఎందుకు కుదిరిందో కారణాలు తెలిశాక దాన్ని ఉక్కు సూత్రం అనకూడదు. గ్రీన్స్ ఎప్పుడు దిగాలో రాసుకున్నారు గానీ దిగినవాళ్లు ఏమవ్వాలో ఆలోచించలేదు. సూటిమాట గారి ఉదాహరణ నాకు చెప్పేది అదే. ఓడినవాళ్లకు ఇంకో బతుకుతెరువు ఉండాలి, సభ్యుల జాబితా ప్రత్యర్థి వర్గానికీ అందాలి, పార్టీ పత్రికలో వాళ్లకూ చోటుండాలి. ఈ మూడూ నియమాలతో చేయగలిగిన పనులే. ప్రభుత్వ నిధులు తీసుకునే పార్టీలకైనా వీటిని చట్టంతో తప్పనిసరి చేయాలంటాను. షుంపీటర్ కోరిన పోటీకి కూడా ఇది అడ్డు రాదు కదా, మీ అభ్యంతరం ఎక్కడో చెప్పండి.