అప్‌డేట్: కృష్ణకమలం గింజలు మొలిచాయి

హనుమకొండలో మా మేడ మీద వేసిన కృష్ణకమలం (ప్యాషన్ ఫ్లవర్ తీగ) గింజలు ఎంతకీ మొలవట్లేదు, మట్టి పారబోయాలా అని ఇదివరకు అడిగాను కదా. ఆగమని చెప్పిన అక్కలకు, అన్నలకు చాలా చాలా థాంక్స్. మొలకలొచ్చాయి!

నావి ఎండు గింజలు. పండులోంచి అప్పుడే తీసినవైతే రెండు మూడు వారాల్లో మొలుస్తాయి, ఎండి నిల్వ ఉన్నవాటికి నెలలు కూడా పట్టొచ్చు. పైగా అన్నీ ఒకేసారి రావు. మీరు చెప్పినట్టే మిగిలిన గింజల్ని గరుకు కాగితం మీద కొంచెం రుద్ది, గోరువెచ్చని నీళ్లలో ఒక రోజు నానబెట్టి, కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టు) ఇసుక కలిపి అర అంగుళం లోతులో పెట్టాను. ముందు వచ్చినవి ఇవే. వేడి కావాలి కానీ, మన మధ్యాహ్నపు ఎండ మాత్రం వద్దు. అందుకే గ్రీన్ నెట్ కింద ఉంచాను.

కాడ మెడ వంచుకుని పైకొస్తుంది, నల్లటి పెంకు ఇంకా ఆకు కొసనే పట్టుకుని ఉంటుంది. దాన్ని లాగకండి, తడి తగిలితే అదే రాలిపోతుంది. మొదటి ఆకులకు చీలికలు ఉండవు, వేరే మొక్కేమోనని టెన్షన్ పడొద్దు. చీలికలు తర్వాతి ఆకులకు వస్తాయి.

కంచెల మీద పెరిగే జుమికి తీగదీ ఇదే కుటుంబం. దాన్ని తినే సీతాకోకచిలుక పురుగులు వీటినీ వదలవట. మందు కొట్టకుండా లేత తీగల్ని ఎలా కాపాడుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.