జైల్లో ఉన్నవాళ్లకి పరిచర్య చేయాలంటే ఎవరిని అడగాలి?

అందరికీ వందనాలండి. మాది ఒడిశాలో రాయగడ. మా సంఘంలో ఒక అక్క కొడుకు ఎనిమిది నెలలుగా జైల్లో ఉన్నాడు, విచారణ ఇంకా మొదలే కాలేదు. శుక్రవారం ఉపవాస కూడికలో ఆమె వాడి చొక్కా ఒళ్లో పెట్టుకుని, మడతలు సరిచేస్తూ కూర్చుంటుంది. అది చూస్తే నాకు ప్రార్థనలో మాట రాదు.

జైల్లో ఉన్నవాళ్లని గుర్తుంచుకోమని చెప్పే బైబిల్ వచనం హెబ్రీ 13:3 చదివాక ప్రార్థనతోనే ఆగిపోవడానికి మనసొప్పడం లేదు. కస్టడీలో ఉన్నవాళ్లకి 1987 న్యాయ సేవల చట్టం కింద లాయర్ ఉచితం, న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయొచ్చు, అది అక్కకి చెప్పాం. కానీ ఆమెకి ఒడియా చదవడం రాదు, కాగితం చూస్తేనే టెన్షన్.

ములాఖత్‌కి (జైల్లో ఉన్నవాళ్లని కలవడానికి) ఏం తీసుకెళ్లాలి? లోపల ఆరాధన పెట్టుకోవడానికి, తెలుగు, ఒడియా బైబిళ్లు ఇవ్వడానికి అనుమతి ఎవరిస్తారు? ఇటువైపు జైళ్లకి వెళ్లొచ్చినవాళ్లు ఉంటే చెప్పండి. ఆ అబ్బాయి కోసం, ఎవరూ చూడటానికి రానివాళ్ల కోసం కూడా ప్రార్థించండి.