అపార్ట్‌మెంట్ డాబా మీద సోలార్: ఎన్ని కిలోవాట్లు పడతాయి?

మారతహళ్లి_404:
నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. లిఫ్టు, నీళ్ల మోటారు, మెట్ల లైట్లు కలిపి కామన్ మీటరులో నెలకు 2,000 యూనిట్లు తిరుగుతోంది. డాబా 4,000 చదరపు అడుగులు. ఉత్తరం వైపు సోలార్ గీజర్లు, దక్షిణాన 10 అడుగుల ఎత్తు ట్యాంకు ఉన్నాయి. ఎంత పెట్టించొచ్చు? కరెంటు పోతే లిఫ్టు నడుస్తుందా?

ఎండలెక్క:
బెంగళూరులో కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు వేసుకోండి. మీకు 16 కిలోవాట్లు, అంటే 540 వాట్ల ప్యానెళ్లు 30 చాలు. నడిచే దారితో కలిపి 1,600 చదరపు అడుగులు కావాలి.

చిక్కల్లా ఆ ట్యాంకే. డిసెంబరులో ఉదయం తొమ్మిదికి దాని నీడ వాయవ్యంగా 15 అడుగులు దాటి పడుతుంది. మధ్యాహ్నానికి ఉత్తరంగా 7 అడుగులకు తగ్గుతుంది. మే నెలలో కొలతలు తీసుకుంటే ఇది కంటికి కనబడదు. సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపిన ప్యానెళ్ల వరుసను స్ట్రింగు అంటారు. అందులో రెండు ప్యానెళ్ల మీద నీడ పడినా స్ట్రింగు ఉత్పత్తి పడిపోతుంది. నీడ తగిలేవాటిని విడి స్ట్రింగుగా చేసి, ఇన్వర్టర్‌లో (ప్యానెళ్ల డీసీ కరెంటును ఏసీగా మార్చే పెట్టెలో) రెండో ఎంపీపీటీకి, అంటే ఒక్కో స్ట్రింగు నుంచి విడిగా గరిష్ఠ కరెంటు రాబట్టే భాగానికి, ఇవ్వమనండి. ప్యానెళ్ల వాలు దక్షిణానికి 10–15 డిగ్రీలు.

వైరింగ్_బాక్స్:
బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, అంటే గ్రిడ్‌కు (బయటి కరెంటు లైనుకు) కలిపి నడిపేది, కరెంటు పోగానే ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మ్యాన్‌కు షాక్ కొట్టకుండా దాన్ని అలా తయారు చేస్తారు. లిఫ్టుకు జనరేటరే దిక్కు.

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. సోలార్‌ను ఛేంజోవర్ (మెయిన్స్ నుంచి జనరేటర్‌కు మార్చే స్విచ్) తర్వాత కలిపితే, జనరేటర్ నడిచేటప్పుడు ఇన్వర్టర్ దాన్నే గ్రిడ్ అనుకుని పని మొదలెడుతుంది. లోడు తక్కువైతే మిగులు కరెంటు ఆల్టర్నేటర్‌లోకి (జనరేటర్‌లో కరెంటు పుట్టించే భాగంలోకి) ఎదురు తన్నుతుంది. ఛేంజోవర్‌కు ముందు, మెయిన్స్ వైపే కలపండి. లేదంటే డీజీ కంట్రోలర్ (డీజిల్ జనరేటర్ నడిచేటప్పుడు సోలార్‌ను తగ్గించే పరికరం) తప్పనిసరి.

డాబాకు డ్రిల్ పెట్టనివ్వకండి, వాటర్‌ప్రూఫింగ్ పోతుంది. సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టమనండి, దిమ్మె బరువును గాలి వేగం లెక్కన ఇంజనీరు చేత రాయించుకోండి. ఎర్తింగ్ మూడు విడివిడిగా ఉండాలి: ఏసీ, డీసీ, పిడుగు కడ్డీ. కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద కామన్ వాడకానికి కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. దానికి దేశీయ సెల్స్‌తో చేసిన డీసీఆర్ ప్యానెళ్లే పనికొస్తాయి, కొటేషన్‌లో ఆ మాట ఉండాలి.

మారతహళ్లి_404:
ప్యానెళ్లు కడగడానికి బోరు నీళ్లు వాడొచ్చా అండి?

ఎండలెక్క:
వద్దండి, తెల్లటి ఉప్పు పొర గాజుకు పట్టేస్తుంది, తర్వాత రుద్దినా పోదు. వాన నీళ్లో, ఉప్పు తక్కువున్న నీళ్లో వాడండి. పొద్దెక్కక ముందే కడగాలి. ఎండకు కాలిన గాజు మీద చన్నీళ్లు పోస్తే పగుళ్లిస్తుంది.