చిలికాని పూరీ నుంచి బస్సులో ఒక్కరోజులో చూస్తే చూసినట్టేనా?

గోదారి గట్టు:

డిసెంబరులో మా అమ్మానాన్నలతో, అత్తమామలతో కలిసి పూరీ వెళ్తున్నాం. జగన్నాథుడి దర్శనం అయ్యాక ఒక రోజు చిలికా సరస్సుకి పెట్టుకున్నాం. పూరీలో ఏ లాడ్జికి ఫోన్ చేసినా ఒకటే ప్లాన్ చెబుతున్నారు. పొద్దున్నే టూరిస్టు బస్సు, దారిలో బ్రహ్మగిరి అలర్‌నాథ్ గుడి, అక్కణ్ణుంచి సాతపడా రేవు, బోటులో డాల్ఫిన్లు, చీకటి పడేలోపు పూరీ. మా ఆఫీసులో ఒకాయన మాత్రం అలా చూస్తే చిలికా చూసినట్టే కాదు, డబ్బు దండగ అని తేల్చేశారు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఇంతకంటే మంచి పద్ధతి లేదని నా నమ్మకం. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

బరంపురం తెలుగు:

మీ ఆఫీసాయన మాట కటువుగా ఉంది కానీ తప్పు కాదండి. చిలికా పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాల మధ్య పరుచుకుని ఉంది. ఎండాకాలంలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు, వానాకాలంలో 1,100 దాటుతుంది. పూరీ బస్సు మిమ్మల్ని దింపేది దాని తూర్పు కొసన, సముద్రంలోకి దారితీసే పాయ దగ్గర. నీళ్లలోకి దిగినట్టుండే తూర్పు కనుమల కొండలు, రాతి దీవులు, కాళీజాయి గుడి అన్నీ అవతలి ఒడ్డున రంభా, బర్కుల్ వైపు ఉన్నాయి. శీతాకాలం పక్షులు దిగే నలబణ దీవి సరస్సు నడుమ ఉంది. సాతపడా నుంచి కూడా అక్కడికి బోటు మాట్లాడుకోవచ్చు, కానీ దానికే రోజంతా పోతుంది. బస్సువాళ్లు మీకు ఇచ్చేది రెండు మూడు గంటలు.

ఆ రెండు మూడు గంటల్లో జరిగేది కూడా చెబుతాను. బోటు టికెట్ బస్సు చార్జీలో కలిసి ఉండదు, అక్కడ వేరే కట్టాలి. డాల్ఫిన్లు అయ్యాక సముద్రం కలిసే చోట ఇసుక దిబ్బ మీద దింపుతారు. అక్కడ బుట్టలో ఆల్చిప్పలు పెట్టుకుని కూర్చుంటారు. మీ కళ్లెదుటే ఒకటి పగలగొట్టి, మెత్తటి మాంసం వేలితో పక్కకి తీసి, తడితడిగా మెరిసే ముత్యం చూపిస్తారు. ఎదురుగా తీశారు కదా అని ఆడవాళ్లే కాదు, మగవాళ్లూ నమ్మి బేరం మొదలుపెడతారు. అవి ముందే లోపల దూర్చిన పూసలు. మీ అత్తగారికి ముందే చెప్పి ఉంచండి.

చిలికా ఒడ్డున పుట్టి పెరిగినవాణ్ణి. రంభా వైపు 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, ఇప్పటికీ మా ఊళ్లలో సగం మాటలు తెలుగే. మనవాళ్లు పూరీ దాకా వచ్చి ఆ ఒక్క పాయ చూసి "చిలికా అంటే ఇంతేనా" అనుకుని వెళ్లిపోతుంటే నాకు బాధేస్తుంది.

విశాఖ రైల్వే క్వార్టర్స్:

బరంపురం గారూ, ఆ సరస్సంతా ఒక్క రోజులో ఎవరు చూడగలరు? రంభాలో దిగినవాళ్లు మాత్రం సాతపడా చూస్తారా? ఎటు వెళ్లినా ఒక మూలే. అలాంటప్పుడు ఏ మూల అన్నదే ప్రశ్న. ఐరావడీ డాల్ఫిన్లు ఎక్కువగా తిరిగేది ఆ సాతపడా పాయలోనే. మొత్తం చిలికాలో ఉన్నవే 150 అటూఇటూ. మన దేశంలో వాటిని ఇంత తేలిగ్గా చూడగలిగే చోటు ఇంకెక్కడ ఉంది? బస్సు తీసుకెళ్లేది సరిగ్గా అక్కడికే.

ఇంకో మాట. మా నాన్నకి మోకాళ్ల నొప్పులు. రైలు దిగి, ఆటో మాట్లాడి, బోటు రేవు వెతుక్కుని, మళ్లీ ఆటో, మళ్లీ రైలు... ఆయనతో అయ్యే పని కాదు. బస్సులో లాడ్జి గుమ్మం దగ్గర ఎక్కారు, రేవు దగ్గర దిగారు. తోడుగా మన భాషవాళ్లు ఇంకో రెండు కుటుంబాలు. ఆ వయసులో వాళ్లకి కావలసింది అదే.

అయితే గోదారి గట్టు గారూ, డాల్ఫిన్ అనగానే పిల్లలు టీవీలో చూసినట్టు గాల్లోకి ఎగురుతుందనుకుంటారు. ఈ జాతి అలా ఎగరడం అరుదు. ముక్కు పొడుగ్గా ఉండదు, గుండ్రటి తల. ఊపిరి కోసం పైకొచ్చి, బూడిదరంగు వీపు, చిన్న రెక్క చూపించి మళ్లీ మునిగిపోతుంది. అంతే. ముందే చెప్పి తీసుకెళ్తే పిల్లలు డీలా పడరు.

బైనాక్యులర్:

మీ ఇద్దరూ బస్సు ఏ ఒడ్డుకి వెళ్తుందని కొట్టుకుంటున్నారు. నా అభ్యంతరం టైము మీద. డిసెంబరు అంటే లక్షల పక్షులు వచ్చి ఉండే నెల. పూరీలో టిఫిన్లు అయ్యి, గుడి దగ్గర ఆగి, బోటు ఎక్కేసరికి ఎండ నెత్తి మీదకొస్తుంది. ఆ వెలుగులో నీళ్లు తెల్లగా కొట్టొస్తాయి తప్ప ఏమీ కనిపించదు.

మా సలహా మంగళాజోడి. ఖుర్దా జిల్లాలో టాంగి దగ్గర, భువనేశ్వర్–బరంపురం హైవే నుంచి కాస్త లోపలికి. ఒకప్పుడు ఆ ఊళ్లో చాలామందికి పక్షుల వేటే బతుకుతెరువు. 2000 ప్రాంతంలో మహావీర్ పక్షి సురక్షా సమితి పెట్టుకుని, వేట మానేసి, ఇప్పుడు వాళ్లే గైడ్లు. మోటారు ఉండదు, వెదురు గడతో నెట్టే చిన్న నాటు పడవ. గడ బురదలో దిగబడి పైకి వచ్చే చప్పుడు తప్ప ఇంకోటి వినపడదు. పొడుగు ముక్కుల గాడ్విట్లు పడవకి పది అడుగుల్లో బురదలో ముక్కు దించి మేస్తూనే ఉంటాయి, లేచిపోవు. గైడు చేతి వేలు చూపించేలోపే పేరు చెప్పేస్తాడు, ఇంగ్లీషులో. ఒకనాడు వేట కోసం వెతికిన కళ్లే అవి.

గోదారి గట్టు:

మంగళాజోడి చాలా నచ్చింది. కానీ చిన్న పడవలో మా అమ్మని కూర్చోబెట్టగలనా అని టెన్షన్‌గా ఉంది. లైఫ్ జాకెట్లు ఇస్తారా?

బైనాక్యులర్:

అడిగి తీసుకోండి, వేసుకున్నాకే పడవ కదపమనండి. లోతు తక్కువ, పడవ మెల్లగా వెళ్తుంది. కింద కూర్చుని లేవలేనివాళ్లకి మాత్రం ఇబ్బందే.

పూరీలో ఉంటున్నా:

ఉద్యోగరీత్యా ఇక్కడే ఉంటున్నాను. మా పక్కనే పెంటకట, తెలుగు జాలర్ల పేట. వాళ్లది సముద్రం చేప, చిలికా కాదు, కానీ నీటి సంగతి వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. అందుకే బరంపురం గారి "ఆ ఒక్క పాయ" అనే మాట దగ్గర ఆగాల్సి వచ్చింది.

చిలికా బతికింది ఆ పాయ వల్లే. పాత ముఖద్వారం ఇసుక మేటలతో పూడుకుపోయి, ఉప్పునీరు లోపలికి రాక, గుర్రపుడెక్క లాంటి కలుపు అల్లుకుని, చేపలు పడిపోయాయి. 1981లో మన దేశంలో మొదటి రామ్‌సర్ (చిత్తడి నేలల రక్షణకి దేశాలు చేసుకున్న ఒప్పందం) చిత్తడి నేలల్లో ఒకటిగా గుర్తింపు తెచ్చుకున్న సరస్సు, 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల మాంట్రూ జాబితాకెక్కింది. 2000 సెప్టెంబరులో సాతపడా వైపు ఇసుక తిన్నెని తవ్వి కొత్త ముఖద్వారం తెరిచారు. సముద్రపు పోటు లోపలికి వచ్చింది, చేప, రొయ్య, పీత తిరిగొచ్చాయి, 2002లో ఆ జాబితాలోంచి తీసేశారు. బస్సు ప్రయాణికులు ఇసుక దిబ్బ మీద దిగి చూసేది ఈ కథ జరిగిన ప్రాంతాన్నే. గైడు ఆ ముక్క చెప్పడు, ముత్యాల దగ్గరికి తీసుకెళ్తాడు. అది బస్సు తప్పు కాదు.

నాకు బస్సుతో ఉన్న పేచీ ఇంకొకటి. తిరిగి బయల్దేరే టైము ఇన్నింటికి అని పెడతారు. ఆ గడియారం బోటు నడిపేవాడి నెత్తి మీద ఉంటుంది. ఒక చోట డాల్ఫిన్ వీపు కనిపించగానే నాలుగు బోట్లు డీజిల్ మోటార్లు హోరెత్తిస్తూ చుట్టుముడతాయి. అది మునిగి ఇంకో పక్కన తేలితే అటు పరుగు. ఆ చప్పుడు నీళ్ల కింద దానికి ఎలా ఉంటుందో ఆలోచించండి. అది చెవితోనే దారి వెతుక్కునే జంతువు, చేపని పట్టేదీ చెవితోనే.

విశాఖ రైల్వే క్వార్టర్స్:

ఆ తరిమే పని కారులో వచ్చినవాళ్ల బోట్లూ చేస్తాయి కదండీ. బస్సుని ఆపేస్తే ఆగుతుందా? పైగా రేవులో బోటువాళ్ల ఇళ్లు గడిచేది ఈ బస్సుల మీదే.

పూరీలో ఉంటున్నా:

ఆపమని నేను అనలేదు. కారువాళ్లు ఇంకో గంట ఉండగలరు, బస్సువాళ్లు ఉండలేరు. తేడా అక్కడే. బోటు ఎక్కేముందే చెప్పండి: దగ్గరికి పోనివ్వొద్దు, దూరంగా మోటారు ఆపు, కనిపించకపోయినా నీ డబ్బు నీకే. ఆ చివరి ముక్క వింటే వాళ్లకి భయం పోతుంది. డాల్ఫిన్ చూపించకపోతే గొడవ పడతారనే వాళ్లు తరుముతారు. మోటారు ఆపి ఓపిగ్గా కూర్చున్న బోటు పక్కనే అవి తేలడం నేను చూశాను.

బరంపురం తెలుగు:

ముఖద్వారం సంగతి మీరు చెప్పింది నిజమే, ఆ చోటుని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ గంట తక్కువైనందుకే డాల్ఫిన్లని తరమాల్సి వస్తోందని మీరే అన్నారు. ఒక్కరోజు బస్సు వద్దని నేను అంటున్నదీ అందుకే. బస్సువాళ్లు అలర్‌నాథ్ గుడి ఇంకో రోజుకి పెట్టి, రోజంతా సాతపడాకే ఇస్తే నా నోరు మూతపడుతుంది. అలా వేసే బస్సు ఎవరికైనా తెలిస్తే ఇక్కడ రాయండి.

గోదారి గట్టు:

గుడి మానేస్తే మా అత్తగారు బస్సే ఎక్కరు. స్నానపూర్ణిమ తర్వాత జగన్నాథుడు కనిపించని పదిహేను రోజులూ భక్తులు అలర్‌నాథ్‌నే దర్శించుకుంటారని ఆవిడ చిన్నప్పటి నుంచీ విన్నారు. అక్కడి పాయసం ప్రసాదం కోసమే ఎదురుచూస్తున్నారు.

సొంతంగా బండి మాట్లాడుకుంటే?

బరంపురం తెలుగు:

అప్పుడు గుడికీ, సాతపడాకీ ఎంతసేపు కావాలంటే అంతసేపు మీదే. సాతపడా నుంచి జహ్నికుడాకి బండ్లు ఎక్కించుకునే ఫెర్రీ కూడా ఉంది. బండితో సహా సరస్సు దాటి రంభా వైపు రావచ్చు. కానీ పెద్దవాళ్లతో అది ఒక్కరోజులో పెట్టుకోవద్దు, నడుములు విరుగుతాయి.

నా మాట వింటే తిరుగు ప్రయాణంలో బాలుగావ్‌లో దిగండి. మద్రాసు–హౌరా లైను మీదే ఉంది, చాలా ఎక్స్‌ప్రెస్‌లు ఆగుతాయి, మీది ఆగుతుందో లేదో టికెట్ తీసేముందు చూసుకోండి. అక్కణ్ణుంచి బర్కుల్ ఆటోలో దగ్గరే. ఒడిశా పర్యాటక శాఖ పాంథనివాస్ ఒడ్డునే ఉంది, కాళీజాయికి బోట్లు అక్కణ్ణుంచే. రాత్రి అక్కడ పడుకుని మర్నాడు రైలెక్కండి.

గోదారి గట్టు:

ఇది కుదిరేలా ఉంది. పూరీ నుంచి బస్సు బదులు బండి, సాతపడాలో మోటారు ఆపే బేరం, తిరుగులో బర్కుల్ ఒక రాత్రి. అయినా బస్సు దండగ అని మాత్రం ఒప్పుకోను. ఒకటే రోజు చేతిలో ఉండి, బండి ఖర్చు భరించలేనివాళ్లు బస్సే ఎక్కాలి, ఎక్కి తీరాలి.

బైనాక్యులర్:

బర్కుల్‌లో బోటు సాయంత్రానికి పెట్టుకోకండి. డిసెంబరులో ఐదుంబావుకే పొద్దు గుంకుతుంది. పొద్దున్నే మొదటి బోటుకి వెళ్లండి, మంచు ఉంటే కాస్త ఆగండి. రైల్లో పూరీ వైపు వెళ్లేటప్పుడు రంభా దాటాక కుడి కిటికీ, వచ్చేటప్పుడు ఎడమ కిటికీ. పెద్దవాళ్లని అటే కూర్చోబెట్టండి.