నాలుగో దశ క్యాన్సర్‌లో నాన్నగారి నీరసం: నడిపించాలా, పడుకోనివ్వాలా?

ప్రశ్న: హిందూపురం ఆడపడుచు, వైట్‌ఫీల్డ్

మా నాన్నగారి వయసు 68. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎముకలకు కూడా పాకిందని తెలిశాక హిందూపురం నుంచి బెంగళూరులోని మా ఇంటికి తీసుకొచ్చాము. కీమో అయిపోయింది, ఇప్పుడు మూడు వారాలకొకసారి ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు) ఇస్తున్నారు. నొప్పికి మార్ఫిన్ మాత్రలు వాడుతున్నారు. చక్కెర వ్యాధి ముందునుంచీ ఉంది. నొప్పి చాలావరకు అదుపులోనే ఉంది గానీ, కొన్ని వారాలుగా ఆయనను అన్నిటికంటే ఎక్కువగా కుంగదీస్తున్నది నీరసం. రాత్రంతా నిద్రపోయి లేచినా "ఓపిక లేదమ్మా" అన్న మాటే వినిపిస్తుంది. మొన్న ఉదయం గడ్డం సగం గీసుకుని, రెండో చెంపకు నురగ అలాగే ఉండగా మంచం అంచున కూర్చుండిపోయారు. మిగతా సగం గీసుకోవడానికి చెయ్యి లేవలేదట.

ఊరి నుంచి వచ్చిన మా బాబాయి, ఇలా పడుకుంటే కాళ్లు పట్టు తప్పుతాయని, రోజూ పార్కుకు తీసుకెళ్లి నడిపించాలని పట్టుబడుతున్నారు. అమ్మేమో ఆయనను కదలనివ్వదు. మంచినీళ్లు సైతం మంచం దగ్గరికే అందిస్తుంది. ఆసుపత్రిలో అడిగితే "ఈ దశలో ఇది మామూలే" అన్నారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలో తెలియడం లేదు.

జవాబు: ఇళ్లకు వెళ్లే పాలియేటివ్ కేర్ (ముదిరిన జబ్బులో బాధలు తగ్గించే సేవ) నర్సు

మీ బాబాయిగారి మాటలోనూ, అమ్మగారి మాటలోనూ కొంత నిజం ఉంది, కానీ ఆ తగవు తీర్చే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. ముదిరిన క్యాన్సర్‌లో నీరసం చాలామందికి ఉంటుందన్నది వాస్తవమే. అంతమాత్రాన కారణం వెతకకుండా వదిలేయకూడదు. ఈ నిస్సత్తువ నిద్రతో తీరదు, చేసిన పనికి తగినంతగానూ ఉండదు. జబ్బు వల్ల కండ కరిగిపోవడం వంటి మనం పెద్దగా ఆపలేని కారణాల పైన, సరిదిద్దగలిగినవి కూడా వచ్చి చేరుతుంటాయి: రక్తహీనత, సోడియం తగ్గడం, కాల్షియం పెరగడం, ఇన్ఫెక్షన్, చక్కెర హెచ్చుతగ్గులు, నిద్ర చెడగొట్టే దగ్గు, బయటికి చెప్పుకోని దిగులు.

మీ నాన్నగారి విషయంలో నేనైతే ముందుగా థైరాయిడ్ చూపించమంటాను, ఎందుకంటే ఇమ్యునోథెరపీ తీసుకునేవారిలో ఆ గ్రంథి మందగించడం తరచుగా కనిపిస్తుంది. అరుదుగా అడ్రినల్ గ్రంథి పని కూడా దెబ్బతింటుంది, అది మరింత ప్రమాదకరం. కాబట్టి థైరాయిడ్ మందగిస్తే రక్తంలో పెరిగే టీఎస్‌హెచ్‌తో పాటు, ఉదయం పూట కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథి తయారుచేసే హార్మోన్) కూడా పరీక్షించమని అడగండి. రెండింటిలోనూ లోటు ఉంటే ముందు కార్టిసాల్ లోటు పూడ్చి, ఆ తరువాతే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాలి. రక్తం ఇంటికే వచ్చి తీసుకునే ల్యాబులు మీ వైపు ఉన్నాయి, దానికోసం ఆయనను కారెక్కించకండి.

మందులన్నీ ఒక సంచిలో వేసి డాక్టరుగారి ముందు పెట్టండి. నిద్రమాత్రలు, కొన్ని దగ్గు సిరప్‌లు, కొన్ని బీపీ మాత్రలు మనిషిని మగతగా ఉంచుతాయి. మార్ఫిన్ మొదలుపెట్టినప్పుడు వచ్చే మగత సాధారణంగా కొన్ని రోజుల్లో తగ్గుతుంది; చాలాకాలంగా వాడుతున్న మోతాదుకే కొత్తగా మగత వస్తే కిడ్నీల పని చూడాలి. దాన్ని మీరుగా ఆపవద్దు.

ఇక నడక. ఏ ఎముకలకు పాకిందో, ఏది విరిగే ప్రమాదంలో ఉందో డాక్టరు చెప్పాకే మొదలుపెట్టాలి. అడ్డంకి లేకపోతే వరండాలో ఐదు నిమిషాలు, రోజుకు రెండుసార్లు చాలు. మరునాడు మరింత డీలాపడితే అది ఎక్కువైనట్టు లెక్క. పగటి కునుకు అరగంట దాటకుండా చూడండి.

జవాబు: కోరమంగల నుంచి, అమ్మను చూసుకున్న కొడుకు

నర్సు గారు చెప్పిన పరీక్షల సంగతి అలా ఉంచి, ఇంట్లో రోజు గడిచే తీరు గురించి రాస్తాను. మా అమ్మ ఓపికకు సున్నా నుంచి పది వరకు మార్కులు వేయమని ఆమెనే అడిగి, పూటపూటకూ క్యాలెండర్ మీద రాసేవాళ్లం. ఉదయం పది నుంచి పన్నెండు వరకే ఆమె కాస్త తేరుకుని ఉంటుందని దానితో తెలిసింది. అప్పటిదాకా ఆ రెండు గంటలనూ స్నానం మింగేసేది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఇల్లు నడుస్తున్నప్పుడు గీజర్ వేయము కదా, అలాగే స్నానాన్ని ఆ వేళ నుంచి తప్పించాము: రోజు విడిచి రోజు, సాయంత్రం, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి గోరువెచ్చని నీళ్లతో. మిగతా రోజుల్లో తడిగుడ్డతో ఒళ్లు తుడిచేవాళ్లం. మిగిలిన ఓపికతో ఆమె కోరినది ఒక్కటే, మనవరాలికి జడ వేయడం. అది మాకు పనికిమాలిన పనిగా తోచినా, ఆమె లెక్క వేరు.

మీ నాన్నగారిని గడ్డం తానే గీసుకోవాలని ఉందా, మంగలిని ఇంటికి పిలిపిస్తే ఫరవాలేదా అని అడగండి. తానే అంటే కుర్చీ, అద్దం, మగ్గు మంచం దగ్గరికి తెచ్చి పెట్టండి, ఆ పూట ఇంకే పనీ పెట్టకండి. నిలబడి చేసే పనులన్నీ కూర్చుని చేసేలా మార్చడం వల్ల చాలా ఆదా అవుతుంది.

బంధువుల విషయం కూడా చెప్పాలి. ఆదివారం రైలు దిగి వచ్చే ఎనిమిది మందికి జబ్బు కథ మళ్లీ చెప్పడం పార్కులో నడవడం కంటే ఎక్కువ అలసట. పది నిమిషాలకు మించి కూర్చోవద్దని మీరే చెప్పండి, చెడ్డపేరు మీకొస్తే రానివ్వండి. "తినకపోతే ఓపిక ఎలా వస్తుంది" అని గిన్నె పట్టుకుని వెంటపడటం కూడా మానిపించండి. రెండు చెంచాల పెరుగన్నం, కాసేపటికి కొంచెం రాగి జావ, ఇలా అడిగినంతే పెట్టడం మేలు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. టీఎస్‌హెచ్ బాగా ఎక్కువగా వచ్చింది, కార్టిసాల్ సరిగానే ఉంది, థైరాక్సిన్ అనే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టారు. హిమోగ్లోబిన్ 9.1. రక్తం ఎక్కించాలా, స్టెరాయిడ్ వంటిది ఏదైనా బలానికి పనికొస్తుందా అన్నది తెలుసుకోవాలని ఉంది. బాబాయి తిప్పతీగ కషాయం కూడా తెచ్చారు.

జవాబు: జనరల్ మెడిసిన్ వైద్యుడు, జయనగర్

థైరాక్సిన్ ఫలితం పూర్తిగా కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. నీరసం మొత్తం దానివల్లే కాకపోవచ్చు కాబట్టి, తగ్గినంత వరకు లాభమే అనుకోండి. సాధారణంగా హిమోగ్లోబిన్ 7, 8 దగ్గరికి దిగినప్పుడో, ఆయాసం వంటి లక్షణాలు ఉన్నప్పుడో రక్తం ఎక్కించే విషయం ఆలోచిస్తారు. ఎక్కించినా ముదిరిన జబ్బులో ఆ హుషారు చాలామందికి సుమారు రెండు వారాల్లో తగ్గిపోతుంది.

స్టెరాయిడ్ సంగతికి వస్తే, 2013లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో ముదిరిన క్యాన్సర్ రోగులకు డెక్సామెథాసోన్ 4 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, రెండు వారాలపాటు ఇచ్చినప్పుడు నీరసం తగ్గింది. కానీ అది కొద్దికాలానికే. ఎక్కువ రోజులు వాడితే తొడ కండరాలు బలహీనపడి, కుర్చీలోంచి లేవడమే కష్టమవుతుంది. పైగా మీ నాన్నగారికి చక్కెర ఉంది, ఇమ్యునోథెరపీ నడుస్తున్నది. స్టెరాయిడ్ ఆ చికిత్స పనిని తగ్గించవచ్చు కూడా. అందువల్ల ఆంకాలజిస్టు (క్యాన్సర్ వైద్యుడు) ఒప్పుకోనిదే మొదలుపెట్టకూడదు. ఏదైనా ముఖ్యమైన వేడుక ఉందంటే ఆ కొద్ది రోజుల కోసం వాడటం గురించి అడగవచ్చు. ఇస్తే రాత్రి నిద్ర చెడకుండా మధ్యాహ్నం లోపే వేసుకోవాలి. మిథైల్‌ఫెనిడేట్ అనే ఉత్తేజక మందు మీద చాలాకాలం ఆశలుండేవి, అయితే 2024లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో అది ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగని తేలలేదు.

తిప్పతీగ వద్దనే చెబుతాను. అది వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు. ఇమ్యునోథెరపీ కూడా కాలేయాన్ని దెబ్బతీయగలదు కాబట్టి, రేపు ఎంజైములు పెరిగితే దేనివల్లో తేల్చడం కష్టమవుతుంది.

జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, ఉన్నట్టుండి మాట తడబడినా, విపరీతమైన దాహంతో మలబద్ధకం, మగత కలిసి వచ్చినా, కాళ్లలో బలం తగ్గినా లేక మూత్రం ఆగినా నీరసమని సరిపెట్టుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాళ్లలో బలం తగ్గడం, మూత్రం ఆగడం వెన్నుపాము నొక్కుకుపోతున్నదనే సూచన కావచ్చు, గంటల ఆలస్యం కూడా పనికిరాదు.

జవాబు: పాలియేటివ్ కేర్ నర్సు

ముందుముందు అవసరం కావచ్చని ఒక విషయం చేరుస్తున్నాను. జబ్బు బాగా ముదిరి, ఆయన రోజులో ఎక్కువ భాగం నిద్రలోనే గడిపే సమయం వస్తే, అప్పుడు నడక, ఓపిక మార్కులు, పరీక్షలు అన్నీ పక్కన పెట్టి అమ్మగారి పద్ధతికే రావలసి ఉంటుంది. అప్పటి నీరసంతో పోరాడితే ఆయనకు బాధే తప్ప లాభం ఉండదు. మీ వైట్‌ఫీల్డ్‌కు దగ్గరలోనే ఉన్న కరుణాశ్రయ అనే సేవాసంస్థ 1999 నుంచి ముదిరిన క్యాన్సర్ రోగులను డబ్బు తీసుకోకుండా చూసుకుంటున్నది, వారి బృందాలు ఇళ్లకు కూడా వస్తాయి. నయం చేసే చికిత్స ఇక లేదని తేలినవారి కోసమే ఆ సంస్థ ఉన్నందున, ఇప్పుడే చేర్చుకుంటారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. రిపోర్టులు, డిశ్చార్జ్ సమ్మరీ, ప్రస్తుతం వాడుతున్న మందుల జాబితా ఒకే ఫైలులో పెట్టుకుంటే పని తేలికవుతుంది.