హరవిలాసంలో ‘యాంప’: ఆ సున్న ఉన్నట్టా, లేనట్టా?

పొగడదండ: శ్రీనాథుడి హరవిలాసంలో ఏ దేశం నుంచి ఏ సరుకు ఓడల్లో వచ్చిందో చెప్పే సీసపద్యం పొద్దుట్నుంచి నోట్లో నానుతోంది. ‘పంజార కర్పూర పాదపంబులు తెచ్చి, జలనోంగి బంగారు మొలక తెచ్చి’ దాకా బాగానే వస్తోంది. సింహళం ఏనుగులు, హురుముంజి (హోర్ముజ్) గుర్రాలు కూడా దాటాను. మూడో పాదం చివర ‘యాంప గట్టాణి ముత్యాలు’ దగ్గర మాత్రం బండి ఆగుతోంది. యాంపా, యాపా? అసలు ఏ ఊరది? మోటుపల్లి రేవు మీద చిన్న వ్యాసం రాస్తున్నాను, అందులో వేసుకోవాలి.

అరసున్న: యాపే అయ్యుంటుంది. యాళ్ప్పాణం, అంటే శ్రీలంక ఉత్తరాన ఉన్న జాఫ్నా. సున్న ఏ లేఖకుడి చేతి చలవో.

కొండవీటి చాంతాడు: అంత తేలిగ్గా తేల్చేస్తే ఎలాగండీ? ఛందస్సును అడుగుదాం. యాంప గట్, టాణి ముత్, యాలు, తెచ్చి. రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. ‘యాం’కు యతి ‘ముత్యాలు’లోని ‘యా’తో. కాబట్టి ‘య’ను కదపడానికి వీల్లేదు. ‘చాంప’ అని దిద్ది ఇప్పటి వియత్నాం వైపున్న చంపా రాజ్యానికి తీసుకెళ్దామని ఎవరికైనా సరదా పుడితే ఇక్కడే ఆగిపోవాలి.

అరసున్న: చంపా మాట ఎవరూ ఎత్తలేదు మాస్టారూ. అడిగింది సున్న గురించి. ‘యా’ ఎలాగూ గురువే, సున్న ఉన్నా ఊడినా గణం మారదు. ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు.

కొండవీటి చాంతాడు: ఛందస్సు చెప్పకపోతే అర్థం చెబుతుంది. ‘సింహళంబున గంధ సింధురంబులు’ అని పై పాదంలోనే అనేశాడు. మళ్ళీ జాఫ్నా ఎందుకు? శ్రీనాథుడు ఒకే దేశాన్ని రెండుసార్లు లెక్కపెట్టే రకమా?

అరసున్న: ఒకే దేశం మ్యాపులో. ఆ రోజుల్లో జాఫ్నా ఆర్యచక్రవర్తుల సొంత రాజ్యం. మన్నారు సింధుశాఖ ముత్యాలు పక్కనే. వర్తకుడికి అవి రెండు వేర్వేరు రేవులు, ఇద్దరు వేర్వేరు రాజులు, రెండు సుంకాలు.

సముద్రపు గాలి: సింగపూర్‌లో ఉంటాను కాబట్టి ‘పంజార’ మీద నాదీ ఒక మాట. పంజాబు అని రాసిన వ్యాఖ్యానం ఒకటి చూసి తల పట్టుకున్నాను. కర్పూరం చెట్టు పంజాబులో ఎక్కడుందండీ? సుమత్రా పడమటి తీరంలో బారుస్ ఉంది, పాత పేరు పన్సూర్. అరబ్బులకు ‘ప’ లేదు కనుక ఫన్సూర్ అన్నారు. మలయ్‌లో ఇప్పటికీ కర్పూరాన్ని ‘కాపూర్ బారుస్’ అనే అంటారు. పంజార అదే.

కొండవీటి చాంతాడు: కుదురుతుంది. యతి ‘పం’కు ‘పాదపం’లోని ‘పా’తో. ప ఫ బ భ ఒకే వర్గం గనుక ‘ఫంజార’ అన్నా చెల్లేది. ‘జలనోంగి’కి మాత్రం ‘మొలక’తో ప్రాసయతి, రెండో అక్షరం ‘ల’ మీద. ఆ ‘ల’ను ముట్టుకుంటే పాదం కూలుతుంది. ఊరు ఏదైనా కానీ, అందులో ‘ల’ ఉండి తీరాలి.

పొగడదండ: మూడో పాదం, మహానుభావులారా.

చినగంజాం చిన్నోడు: మాది మోటుపల్లి పక్కనే. వీరభద్రుడి గుడిలో కాకతి గణపతిదేవుడి అభయశాసనం స్తంభం ఉంది, 1244-45 నాటిది. అంతకుముందు రాజులు గాలివానకు ఒడ్డెక్కిన ఓడలో బంగారం, ఏనుగులు, గుర్రాలు ఏమున్నా లాగేసుకునేవాళ్ళు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రం మీదికి వచ్చినవాళ్ళ మీద దయతో, నియమించిన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నామంటాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్ఫయ్యో వంతు. తర్వాత సరుకుల పట్టీ, గంధానికింత, కర్పూరానికింత, ముత్యాలకింత. ముత్యాలు అప్పటికే ఈ రేవులో దిగుతున్నాయి, శ్రీనాథుడు గాల్లోంచి తీయలేదు.

అరసున్న: ఆ ‘నియమించిన సుంకం’ శాసనంలో కౢప్తశుల్కమా (కౢప్తం అంటే నియమించినది), కూపశుల్కమా? పాఠ్యపుస్తకాల్లో కూప అనే ఉంటుంది. కూపకం అంటే తెరచాప కొయ్య కదా, కొయ్యకింత అని పన్ను వేశారేమో.

కొండవీటి చాంతాడు: కొయ్యకింత అయితే ముప్ఫయ్యో వంతు లెక్క దేనికి? కౢప్తమే. ‘కౢ’ రాయడం, అచ్చు వేయడం చేతకాక కూప అయింది.

పొగడదండ: ఒక సున్న కోసం వస్తే ఇంకో అక్షరం అంటగట్టారు. సరే, రేవు ఎందుకు పడిపోయింది? నా వ్యాసంలో సగం అదే.

చినగంజాం చిన్నోడు: మాది బాహాటపు సముద్రం. ఓడ దూరంగా ఆగాలి, సరుకు పడవల్లో రావాలి. ఇలాంటి చోట రేవు నిలిచేది రాజు మాట మీదే. 1323లో ఓరుగల్లు పడింది. 1358లో కొండవీటి రెడ్డిరాజు అనవోతారెడ్డి వర్తకులకు మళ్ళీ శాసనం వేయించాల్సి వచ్చింది. రెడ్ల తర్వాత కొండవీటి కోసం గజపతులు, రాయలు కొట్టుకున్నారు. 1600 దాటాక డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ మచిలీపట్నం, నిజాంపట్నం పట్టుకున్నారు. గోల్కొండ రాజ్యం వెనకున్నది బందరుకు. మోటుపల్లి పల్లెగా మిగిలింది.

సముద్రపు గాలి: అందుకేనేమో, ఓడలకొద్దీ కస్తూరి దిగిన రేవు గురించి రాసిన కవి చివరికి తెలుంగరాయడనే రాజుని ‘కస్తూరికా భిక్షాదానము సేయరా’ అని అడుక్కున్నాడు. కొండవీట్లో కుమారగిరిరెడ్డి కర్పూర వసంతాలాడిన రోజులెక్కడ, ఆ భిక్ష ఎక్కడ!

అరసున్న: అడుక్కోవడమా? ‘సేయరా’ అని రాజును ఏకవచనంలో పిలిచే ముష్టివాణ్ణి ఎక్కడైనా చూశారా? అది దర్పం. ఇంకా ‘సుకవిరాడ్బృందారక శ్రేణికిన్’ అంటాడు, తన ఒక్కడికే కాదు.

సముద్రపు గాలి: చివరి రోజుల చాటుపద్యంలో, బొడ్డుపల్లె గొడ్డేరి మోసపోయి, ఏడునూర్ల టంకాల పన్ను ఎలా కట్టాలని ఏడ్చింది కూడా దర్పమేనా?

అరసున్న: ఏడుపులో కూడా గీతపద్యం తప్పలేదు చూడండి. పైగా ఆ చాటువులన్నీ ఆయనవే అని ఎవరు పూచీ?

కొండవీటి చాంతాడు: చాటువుల పూచీ తర్వాత. ‘తరుణాసీరి తవాయి గోవ రమణాస్థానంబులం’ అనే పద్యంలో గోవ అని కొందరు, గోప అని కొందరు. తెనాసెరిం, తవాయ్, పెగూ వైపు రమణ్ణదేశం మధ్య పడమటి తీరపు గోవా ఎలా దూరింది? బర్మా తీరంలోనే వెతకాలి అంటాను. అప్పుడు మన సీసంలోని ‘గోవ సంశుద్ధ సంకుమద’ కూడా తిరగరాయాల్సిందే.

అరసున్న: సంకుమదం అంటే జవ్వాదా, పునుగా? ముందు అది తేల్చండి.

పొగడదండ: వ్యాసంలో ‘యాంప’ అనే వేస్తున్నాను, సున్నతో సహా. అభ్యంతరం ఉంటే రాత్రి లోపు చెప్పండి.

కొండవీటి చాంతాడు: నాకుంది. భోజనం చేసి వస్తాను.